సెల్ఫ్ మీద నుంచి వేలు తీయండి

పొద్దున తొమ్మిదింటికి పుదుచ్చేరి లాస్‌పేటలో ఏ వీధి మలుపులో నిలబడినా ఈ కచేరీ వినొచ్చు. ఎవరో ఒకాయన ఆఫీసు బట్టల్లో, హెల్మెట్ పెట్టుకుని, స్కూటర్ మీద కూర్చుని సెల్ఫ్ నొక్కుతుంటాడు. మొదట మామూలుగా నొక్కుతాడు. తర్వాత కాస్త గట్టిగా, గట్టిగా నొక్కితే ఇంజన్ భయపడి లేస్తుందేమో అన్నట్టు. ఆపైన తాళం తిప్పి, మళ్ళీ తిప్పి, యాక్సిలరేటర్ మెలేసి, పళ్ళు కొరికి మరీ నొక్కుతాడు. బర్ర్ర్... బర్ర్... బ్ర... టక్. టక్. కాసేపటికి అదీ ఉండదు. మొదటిసారి నొక్కినప్పుడు బండికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఇప్పుడు రెండయ్యాయి. రెండోది ఆయన తెచ్చిపెట్టిందే.

అందుకే బండి స్టార్ట్ కానప్పుడు మొదట చేయాల్సిన పని, స్టార్ట్ చేయడం ఆపేయడం.

దీనికి కారణం వేదాంతం కాదు, బ్యాటరీ. చాలా స్కూటర్లలో సీటు కిందో కాళ్ళ దగ్గరో ఉండే బ్యాటరీ అరచేతిలో పట్టేంత. 12 వోల్టులు, 3 నుంచి 5 ఆంపియర్-అవర్ల మధ్య ఉంటుంది. స్టార్టర్ మోటారు తిరిగేటప్పుడు లైట్లు, హారన్ అన్నీ కలిపి తినేదానికి ఎన్నో రెట్లు కరెంటు లాగేస్తుంది. ఇంజన్ తగులుకుంటే నిమిషాల్లో బ్యాటరీ మళ్ళీ కోలుకుంటుంది. తగులుకోకపోతే ఖర్చే తప్ప జమ లేదు. పైగా పాత కార్బరేటర్ బండి అయితే నొక్కినప్పుడల్లా కాస్త పెట్రోలు లోపలికి పోయి ప్లగ్గుని తడిపేస్తుంది. దాన్నే మనవాళ్ళు ఓవర్‌ఫ్లో అంటారు. ఒకసారి నొక్కితే ఐదు సెకన్లు, మధ్యలో కనీసం పది సెకన్లు విరామం, మొత్తం మూడుసార్లు. అంతకు మించి నొక్కడమంటే పరీక్ష కాదు, కసి తీర్చుకోవడం.

ఈ పుస్తకంలో కోపం గురించి వేరే అధ్యాయం ఉంది. ఇది బండి గురించే. అయితే నిజంగా ఒంటికి పట్టేలా నిదానం నేర్పేది ధ్యానం తరగతి కంటే మొరాయించిన ఇంజనేనని నా నమ్మకం. ఎందుకంటే ఇంజన్‌కి మొహమాటం లేదు. మన హోదా చూడదు, మన ఆలస్యం లెక్కచేయదు. దానికి కావాల్సినవి మూడే: పెట్రోలు కలిసిన గాలి, దాన్ని నొక్కే ఒత్తిడి, సరైన క్షణంలో ఒక నిప్పురవ్వ. 1876లో జర్మనీలో నికొలాస్ ఓటో నాలుగు స్ట్రోకుల ఇంజన్ నడిపించి చూపించిన దగ్గర్నుంచి లెక్క ఇదే. ఈ మూడింట్లో ఏది అందలేదో కనిపెట్టడమే మన పని.

వేలు తీశాక ఏం చేయాలి? వినాలి. సెల్ఫ్ నొక్కినప్పుడు ఏం వినిపించిందో గుర్తు తెచ్చుకోండి. ఏ చప్పుడూ రాలేదా? టక్ అని ఒక్క చిటికె లాంటి చప్పుడా? నీరసంగా, ఈడుస్తూ తిరిగిందా? లేక హుషారుగానే తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదా? మెకానిక్ సగం డబ్బులు తీసుకునేది ఈ నాలుగు చప్పుళ్ళను విడదీసి చూడగలిగినందుకే. మొదటి మూడూ కరెంటు వైపు వేలు చూపిస్తాయి, నాలుగోది పెట్రోలు, ప్లగ్గు వైపు. ఈ ఒక్క ప్రశ్నతో బండి సగానికి తగ్గిపోతుంది. ఆ రోజుకి మిగతా సగం జోలికి వెళ్ళక్కర్లేదు. చప్పుడే రాని బండికి కార్బరేటర్ విప్పేవాళ్ళని చూశాను. తలుపు తెరుచుకోని ఇంట్లో వంటగది శుభ్రం చేద్దామనుకోవడం అది.

ఏ చప్పుడూ రాకపోవడంతో మొదలుపెడదాం. ఇందులో బండి చెడిపోయినవి తక్కువ, బండి మనల్ని ఆపినవి ఎక్కువ.

నెల్లితోపు వైపు ఒక చిన్న షెడ్డు. యానాం నుంచి వచ్చిన ఒక కుర్రాడు, నంబరు ప్లేటు మీద పీవై 04, చెమటలు కక్కుతూ బండి తోసుకొచ్చాడు. బ్యాటరీ పోయింది, కొత్తది వేయమన్నాడు. అక్కడి మెకానిక్ అణ్ణన్ బ్యాటరీ వైపు కన్నెత్తి చూడలేదు. తాళం ఆన్ చేసి, బండి వెనక్కి వెళ్ళి వంగి, కుర్రాణ్ణి ఎడమ బ్రేక్ పట్టుకోమన్నాడు. వెనక ఎర్ర లైటు వెలగలేదు. కుడి బ్రేక్ పట్టుకోమన్నాడు. వెలిగింది. "ఇప్ప అడి" అన్నాడు తమిళంలో, ఇప్పుడు కొట్టు అని. కుడి బ్రేక్ పట్టుకుని సెల్ఫ్ నొక్కితే బండి ఒక్క దెబ్బకి లేచింది. 

జరిగిందేమిటంటే, స్కూటర్లలో బ్రేక్ పట్టుకుంటే తప్ప సెల్ఫ్ పనిచేయదు. గేర్లు లేని బండి స్టార్ట్ అవుతూనే ముందుకి దూకకుండా ఆ ఏర్పాటు. బ్రేక్ పట్టుకున్నారన్న కబురు బండికి అందేది బ్రేక్ లివరు మొదట్లో ఉండే ఓ చిన్న స్విచ్చి ద్వారా. వెనక ఎర్ర లైటు వెలిగించేదీ అదే. మన ఊరి ఉప్పుగాలికి ఆ స్విచ్చి లోపలి రేకులు పచ్చబడతాయి, కబురు ఆగిపోతుంది. అందుకని లైటు వెలగలేదంటే సెల్ఫ్‌కీ కబురు అందలేదని అర్థం. రెండో బ్రేకుకి వేరే స్విచ్చి ఉంటుంది, దాంతో ఆ పూట గడిచిపోతుంది. చీకటిపడ్డాక ఒంటరిగా ఉన్నప్పుడు వెనక గోడ మీద ఎర్ర వెలుగు పడుతుందో లేదో చూస్తే సరిపోతుంది, వంగక్కర్లేదు.

ఇలాంటి కాపలా స్విచ్చిలు ఇంకా ఉన్నాయి. హ్యాండిల్ కుడివైపు ఎర్ర కిల్ స్విచ్చి కొన్ని స్కూటర్లకీ, దాదాపు అన్ని మోటార్‌సైకిళ్ళకీ ఉంటుంది. పార్కింగులో పిల్లలు నొక్కి వెళ్ళిపోతారు. సైడ్ స్టాండు వేసి ఉంటే కొత్త బండ్లు చాలావాటికి ఇంజన్ లేవదు. స్టాండు తీసినా దాని స్విచ్చిలో మట్టి, ఇసుక చేరితే తీయలేదనే అనుకుంటుంది. కాస్త నీళ్ళు పోసి కడిగి, స్టాండుని నాలుగుసార్లు ఆడిస్తే చాలాసార్లు దారికొస్తుంది. గేరు బండి అయితే న్యూట్రల్ లైటు వెలిగిందా, క్లచ్ పూర్తిగా పట్టుకున్నారా చూడండి. బండి పక్కకి పడి లేపిన తర్వాత స్టార్ట్ కాకపోతే కంగారొద్దు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లు చాలావాటిలో, బండి పడిందని తెలియగానే ఇంజన్ ఆపేసే సెన్సర్ ఉంటుంది. నిటారుగా నిలబెట్టి, తాళం పూర్తిగా ఆఫ్ చేసి, మళ్ళీ ఆన్ చేస్తే అది శాంతిస్తుంది.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళకి ఈ జాతి తలనొప్పి ఇంకో రూపంలో తెలుసు. టెక్సాస్‌లోనో జార్జియాలోనో ఇంటి చుట్టూ అరెకరం పచ్చిక ఉన్నవాళ్ళు గడ్డి కోయడానికి కూర్చుని నడిపే మోవర్ కొంటారు. చాలావాటిలో అది స్టార్ట్ కావాలంటే సీట్లో మనిషి బరువు పడాలి, బ్రేక్ పెడల్ నొక్కి ఉండాలి, గడ్డి కోసే బ్లేడు ఆఫ్‌లో ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా తాళం తిప్పితే నిశ్శబ్దం. సీటు కింద స్విచ్చి వైరు ఊడి ఉంటే యజమాని బ్యాటరీ మార్చి, స్టార్టర్ మార్చి, చివరికి మోవర్‌నే మార్చాలనుకుంటాడు. మన స్కూటరూ, వాళ్ళ మోవరూ చెప్పే సమాధానం ఒకటే: నేను బాగానే ఉన్నాను, నువ్వు చేయాల్సింది ఏదో చేయలేదు.

కాపలా స్విచ్చిలన్నీ సరిగా ఉండి, తాళం ఆన్ చేసినా మీటరులో లైటు కూడా రాకపోతే ఫ్యూజు చూడండి. బ్యాటరీ పక్కనే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంటుంది. లోపలి తీగ తెగిందో లేదో వెలుతురుకి పట్టుకుంటే కనిపిస్తుంది. పక్కనే స్పేర్ ఫ్యూజు కూడా ఇస్తారు. వేయండి, కానీ అదే సైజుది. సిగరెట్ ప్యాకెట్ రేకు చుట్టి నడిపించే పాత విద్య వైర్లు కాల్చేస్తుంది. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే ఎక్కడో వైరు ఒరుసుకుంటోంది, ఎలుక కొరికిందో, ఏ ప్యానెల్ కింద నలిగిందో. ఇక మీ పని అయిపోయింది, షెడ్డుకి తోయండి.

టక్‌మన్నా, నీరసంగా తిరిగినా బ్యాటరీ వంతు. ఇక్కడ కూడా కొత్త బ్యాటరీ కొనడం చివరి పని. హారన్ కొట్టి చూడండి, గొంతు బొంగురుపోయిందా? సెల్ఫ్ నొక్కిన క్షణంలో మీటరు లైట్లు మసకబారి ఆరిపోతున్నాయా? అయితే కరెంటు సరిపోవడం లేదు. సరిపోకపోవడం బ్యాటరీలో లేక కావచ్చు, ఉన్నది దారిలో ఆగిపోయి కావచ్చు. పుదుచ్చేరిలో రెండోది మరీ ఎక్కువ. సముద్రం ఊరిని ఆనుకునే ఉంది. గూబేర్ అవెన్యూ పక్క వీధుల్లో రాత్రంతా ఆరుబయట ఉండే బండ్ల టెర్మినళ్ళు చూడండి, తెల్లగా, కొన్నిచోట్ల ఆకుపచ్చగా పొడి పేరుకుని ఉంటుంది. స్క్రూడ్రైవర్ తీసుకుని ముందు మైనస్ వైరు, తర్వాత ప్లస్ వైరు విప్పండి. ఎమ్రీ కాయితంతో రెండు వైపులా మెరిసేదాకా రుద్దండి. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. మీద పల్చగా వాసలీన్ రాయండి, మళ్ళీ ఉప్పు పట్టదు. ఈ పది నిమిషాల పనితో బతికి బయటపడిన బ్యాటరీలు ఎన్నో.

వందల రూపాయల్లో దొరికే మల్టీమీటర్ ఒకటి ఇంట్లో పెట్టుకోమని నా సలహా. ఎలక్ట్రికల్ సామాను దొరికే ఏ కొట్లో అడిగినా ఇస్తారు. బండి రాత్రంతా ఆగి ఉన్నాక బ్యాటరీ మీద పెడితే 12.6 దగ్గర చూపించాలి. 12.2 అంటే సగం ఖాళీ. 12 కంటే తక్కువైతే ఛార్జింగు పెట్టించాలి. ఇప్పుడు ఎవరినైనా సెల్ఫ్ నొక్కమని అంకెల వైపు చూడండి. 10 దగ్గర నిలబడితే పర్వాలేదు. 12.6 ఉన్నది ధడాలున 7కో 6కో జారిపోతే లోపలి పలకలు అయిపోయాయి. అప్పుడు కొత్త బ్యాటరీ కొనండి, నిశ్చింతగా. అంకె తెలిసి కొంటున్నారు కాబట్టి ఎవరి మాట మీదా ఆధారపడక్కర్లేదు.

కిక్ ఉన్న బండి అయితే కిక్ కొట్టడమే చాలా మంచి పరీక్ష. కిక్‌తో లేచి సెల్ఫ్‌తో లేవలేదంటే ఇంజన్, పెట్రోలు, ప్లగ్గు అన్నీ క్షేమం, తప్పు సెల్ఫ్ వైపే. ఇటీవలి స్కూటర్లు కొన్నిటికి కిక్ తీసేశారు. అది నాకు నచ్చలేదు, కానీ నన్నెవరూ అడగలేదు. తోసి స్టార్ట్ చేద్దామని మాత్రం గేర్లు లేని స్కూటర్ని పరిగెత్తించకండి. వెనక చక్రానికీ ఇంజన్‌కీ మధ్య ఉన్న క్లచ్ ఇంజన్ తిరిగితేనే పట్టుకుంటుంది, చక్రం తిరిగితే కాదు. కామరాజ్ సాలై ఈ చివర నుంచి ఆ చివరకి తోసినా వచ్చేది ఆయాసమే. గేరు బండిని రెండో గేరులో తోసి లేపొచ్చు.

ఇక నాలుగో చప్పుడు. మోటారు హుషారుగా తిరుగుతోంది, ఇంజన్ అంటుకోవడం లేదు.

ముందు ట్యాంకు మూత తీసి కళ్ళతో చూడండి. మీటరు ముల్లుని నమ్మకండి, అది ఇరుక్కుపోతుంది. తర్వాత తాళం ఆన్ చేసి సెల్ఫ్ నొక్కకుండా చెవి పెట్టండి. 2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్6 బండ్లు దాదాపు అన్నిటికీ కార్బరేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్. తాళం ఆన్ చేయగానే ట్యాంకు వైపు నుంచి రెండు మూడు సెకన్లు సన్నగా 'జ్‌య్' మనే చప్పుడు రావాలి. అది పెట్రోలు పంపు. రాకపోతే దాని ఫ్యూజో, రిలేనో, పంపో పోయింది. ఇంజన్ గుర్తు ఉన్న పసుపు లైటు ఆరకుండా మెరుస్తుంటే ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టి మెకానిక్‌కి చెప్పండి. చాలా బండ్లు రోగం పేరుని ఆ మెరుపుల్లోనే చెబుతాయి.

పెట్రోలు ఉన్నా అది పెట్రోలేనా అన్నది ఇంకో ప్రశ్న. పుదుచ్చేరిలో పన్ను తక్కువ కాబట్టి కడలూరు, విల్లుపురం వైపు నుంచి వచ్చి మరీ ఇక్కడ కొట్టించుకుని వెళ్తారు. మనమూ చవకే కదా అని ట్యాంకు నింపి, బండిని మెట్ల కింద పెట్టి, సంక్రాంతికి యానాం వెళ్ళి పది రోజులకి వస్తాం. పది రోజులకి ఏమీ కాదు. వేసవి సెలవులంతా వదిలేస్తేనే చిక్కు. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 పెట్రోలులో ఐదో వంతు ఇథనాల్. ఇథనాల్‌కి నీళ్ళంటే ప్రాణం, గాలిలో తేమని కూడా పీల్చుకుంటుంది. మన ఊళ్ళో తేమకి కొదవలేదు. మోతాదు మించితే ఇథనాలూ నీళ్ళూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకి చేరతాయి. పైపు లాగేది ఆ అడుగు నుంచే. అనుమానం ఉంటే ఆరుబయట, దరిదాపుల్లో మంట లేని చోట, కాస్త పెట్రోలు గాజుసీసాలోకి దించి నిమిషం కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొరగా, గీత గీసినట్టు ఏదైనా నిలిస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాల్సిందే. కార్బరేటర్ బండికి ఇంకో తంటా. అడుగు గిన్నెలో మిగిలిన కాస్త పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది, సన్నటి జెట్టు మూసుకుపోతుంది. నెలలపాటు వదిలేస్తామని తెలిస్తే ముందే ఆ గిన్నె కింది స్క్రూ వదులు చేసి దించేయడం మేలు. అమెరికా మోవర్లు చలికాలమంతా షెడ్డులో ఉండి వసంతంలో లేవకపోవడానికి కూడా చాలావరకు కారణం ఇదే, పాతబడిన పెట్రోలు.

కాసేపు నడిచి ఆగి, ఓ పావుగంట ఆగాక మళ్ళీ నడిచే బండి అయితే ఆగిన వెంటనే ట్యాంకు మూత తెరవండి. 'హుష్' మని గాలి లోపలికి పీల్చుకుంటే మూతలోని గాలిరంధ్రం మూసుకుపోయింది. పిన్నీసుతో అయిపోయే జబ్బు ఇది.

పెట్రోలు బాగుంటే ప్లగ్గు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే పట్టుకోండి. బండితో ఇచ్చిన ప్లగ్గు పానా డిక్కీలోనో సీటు కిందో ఉండాలి. స్కూటర్లలో ప్లగ్గు సాధారణంగా ఒక చిన్న ప్లాస్టిక్ మూత వెనక దాక్కుని ఉంటుంది. పైన టోపీని వైరు పట్టుకుని కాదు, టోపీనే పట్టుకుని లాగండి. ప్లగ్గు చుట్టూ ఇసుక ఊదేసి, విప్పి, చివర చూడండి, వాసన చూడండి. లేత గోధుమరంగులో, పొడిగా ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉంది. మసి పట్టినట్టు నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. ఎయిర్ ఫిల్టర్ తెరిచి చూడండి, ఎలుక గూడు పెట్టి ఉండొచ్చు. పెట్రోలు వాసనతో తడిసి ఉంటే ఓవర్‌ఫ్లో అయినా అయి ఉండాలి, నిప్పురవ్వ అయినా రాకపోయి ఉండాలి. ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా ఎముకలా ఎండిపోయి ఉంటే పెట్రోలు ఇక్కడిదాకా రానేలేదు. చివర రెండు కొసల మధ్య సందు చాలా స్కూటర్లలో 0.8 నుంచి 0.9 మిల్లీమీటర్లు. అరిగి పెద్దదైతే కొత్త ప్లగ్గు వేయండి, దానికి లెక్కలు వేసుకోవద్దు, బండి మొత్తంలో చవకైన వస్తువుల్లో అదొకటి. బిగించేటప్పుడు ముందు చేత్తోనే తిప్పండి. మొదటి చుట్టులోనే పానా పెడితే మర అడ్డంగా పడి సిలిండర్ హెడ్ పాడవుతుంది.

ప్లగ్గుని బయట పెట్టి రవ్వ చూసే అలవాటు మనవాళ్ళకి ఉంది. కొత్త ఇంజెక్షన్ బండ్లకి ఆ పని మెకానిక్‌కి వదిలేయండి. ప్లగ్గు లోహం ఇంజన్‌కి సరిగా ఆనకపోతే ఇగ్నిషన్ కాయిల్, ఈసీయూ దెబ్బతినొచ్చు. పైగా ఇప్పుడే పెట్రోలు చిమ్మిన చోట రవ్వ చూడ్డం ఏ బండికైనా ప్రమాదమే.

వీటన్నిటికీ మినహాయింపు ఒకటి ఉంది. నీళ్ళలో మునిగిన బండి.

2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గరే తీరం దాటింది. దాటాక వెళ్ళిపోకుండా గంటల తరబడి ఇక్కడే తిష్ఠ వేసింది. ఒక్క రోజులో 45 సెంటీమీటర్లకు పైగా వాన. కృష్ణానగర్‌లో సైన్యం దిగి జనాన్ని బయటికి తీసుకురావాల్సి వచ్చింది. వరద కొత్త కాని రెయిన్‌బో నగర్ లాంటి పల్లపు ప్రాంతాల సంగతి చెప్పక్కర్లేదు. నీళ్ళు తీశాక బురద పట్టిన బండిని చూసిన ఎవరికైనా చేయి ఆగదు, 'ఒక్కసారి కొట్టి చూద్దాం' అనిపిస్తుంది. ఆ ఒక్కసారే కొంప ముంచుతుంది. గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్ళు నలగవు. సిలిండర్‌లో నీళ్ళుండగా పిస్టన్ పైకి తోస్తే వంగేది కనెక్టింగ్ రాడ్డే. వేలల్లో పోయే బాగు పదివేలల్లోకి వెళ్తుంది.

నీళ్ళు సైలెన్సర్ దాటి, సీటు దాకా వచ్చాయంటే తాళం కూడా పెట్టకండి. బ్యాటరీ మైనస్ వైరు తీసేయండి. నీటి గుర్తు బండి మీద ఎక్కడిదాకా ఉందో తెలిసేలా ఫొటోలు తీయండి. కడగడానికి ముందే తీయాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేయండి. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే వరద నష్టానికి ఏమీ రాదు. పూర్తి పాలసీ ఉన్నా, మునిగిన ఇంజన్‌ని స్టార్ట్ చేసి పాడుచేసుకుంటే ఆ నష్టాన్ని చాలా పాలసీలు ఒప్పుకోవు. షెడ్డులో ప్లగ్గు తీసి, తాళం ఆఫ్‌లో ఉంచి, నెమ్మదిగా కిక్ తిప్పితే రంధ్రంలోంచి నీళ్ళు చిమ్ముతాయి. ఇంజన్ ఆయిల్ స్టిక్ తీసి చూస్తే నూనె పాలు కలిపిన టీ రంగులో ఉంటుంది. అది మొత్తం దించి కొత్తది పోసి, కాసేపు నడిపి, మళ్ళీ దించి మళ్ళీ పోయాలి. వెనక గేర్ ఆయిల్‌నీ, ఎయిర్ ఫిల్టర్‌నీ మరవొద్దు. ఎలక్ట్రిక్ స్కూటర్ మునిగితే ఎండబెట్టి ఛార్జింగు పెట్టే ఆలోచనే వద్దు, కంపెనీ వాళ్ళు వచ్చి చూసేదాకా ఇంటికి దూరంగా ఆరుబయట ఉంచండి.

అన్నిటికంటే చిన్నదీ, ఎవరూ పాటించనిదీ ఒకటి చెప్పాలి. ఒకసారికి ఒక్కటే మార్చండి. ప్లగ్గు, బ్యాటరీ, ఫ్యూజు, పెట్రోలు అన్నీ ఒకేసారి మార్చేస్తే బండి లేస్తుంది, కానీ ఎందుకు లేచిందో తెలీదు. వచ్చే నెల మళ్ళీ పడుకుంటే మళ్ళీ నాలుగూ మార్చాలి. ఏం మార్చారో, మార్చాక చప్పుడు ఎలా మారిందో ఫోన్లో ఓ ముక్క రాసుకోండి.

అది మెకానిక్ దగ్గర బంగారం. ఇక్కడ తమిళం రాని తెలుగువాళ్ళు, జిప్‌మర్‌లో చదవడానికి వచ్చిన పిల్లలు, యానాం నుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగులు, షెడ్డు దగ్గర 'బండి రిపేర్' అని ఊరుకుంటారు. అప్పుడాయన మొదటినుంచీ వెతకాలి. ఆ వెతుకులాటకి కూలీ మీదే. నాలుగు ముక్కలు నేర్చుకోండి. "అణ్ణే, సెల్ఫ్ అడిచ్చా సత్తమే వరల" అంటే సెల్ఫ్ కొడితే చప్పుడే రావట్లేదని. "టిక్‌ను సత్తం మట్టుం వరుదు" అంటే టిక్‌మని చప్పుడు మాత్రం వస్తోందని. "సుత్తుదు, ఆనా స్టార్ట్ ఆగల" అంటే తిరుగుతోంది గానీ అంటుకోవట్లేదని. మునిగిన బండి అయితే మొట్టమొదట చెప్పాల్సింది "తణ్ణీల నిన్నుచ్చు" అని, నీళ్ళలో నిలబడిందని. లేకపోతే ఆయన కూడా అలవాటు కొద్దీ ముందు సెల్ఫే నొక్కుతాడు.

బండి లేచింది. ఇప్పుడు తాళం తీసి సంబరపడకుండా ఇంకో నిమిషం ఆగండి. ఇంజన్ నడుస్తుండగానే మల్టీమీటర్ బ్యాటరీ మీద పెట్టి యాక్సిలరేటర్ కొంచెం ఇవ్వండి. అంకె 13.5కీ 14.8కీ మధ్య ఉంటే ఛార్జింగు అవుతోంది, ఆఫీసుకు వెళ్ళండి. 12 దగ్గరే కదలకుండా ఉంటే బ్యాటరీ ఎంత కొత్తదైనా రేపో ఎల్లుండో ఇదే టక్ వినిపిస్తుంది. ఆఫీసుకు కాకుండా సరాసరి షెడ్డుకి వెళ్ళి, దారిలో ఎక్కడా ఇంజన్ ఆపకుండా, రెగ్యులేటర్ చూడమనండి.